పప్పు విరుగుతున్నది ఎవరి చేతిలో?

పలాస-కాశీబుగ్గ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. పెద్ద ఉత్తరం, కుదించి ఇస్తున్నాను.

“నా వయసు 29. విశాఖలో ఎంబీఏ చేసి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, మామయ్య గారి జీడిపప్పు బట్టీ (పెంకుతో ఉన్న జీడిపిక్కని ఉడికించి, కోసి, పప్పు తీసే చోటు) చూసుకోవడానికి ఏడాది కిందట వచ్చాను. 46 మంది పనివాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళు. నేను వచ్చేసరికి ఎవరెంత పని చేస్తున్నారో లెక్కే లేదు. పొట్టు తీసేవాళ్ళకి రోజుకి 10 కిలోల టార్గెట్ పెట్టాను. ఎవరెంత చేశారో పేర్లతో బోర్డు మీద రాయిస్తున్నాను, అందుకోలేనివాళ్ళ పేర్లు ఎర్ర సుద్దతో. బద్ద (రెండుగా చీలిన పప్పు), ముక్క ఎక్కువ వస్తే కూలిలో కోత. నెలకి ఒకరికి వెయ్యి రూపాయల బహుమతి. వేలిముద్ర హాజరు మెషిన్ కూడా పెట్టాను, సగం మంది సరిగ్గా వేలు పెట్టరు. మొదటి నెల దిగుబడి పెరిగింది. తర్వాత గుండు (విరగని నిండు పప్పు) తగ్గి బద్ద పెరిగింది, నాగాలు ఎక్కువయ్యాయి. దసరా వెళ్ళాక ఆరుగురు సీనియర్లు మానేసి పక్క బట్టీలో చేరారు. మేస్త్రి నాకు ఏదీ చెప్పడు. తిత్లీ తుపాను నాటి నుంచి మామయ్య అడిగినవాళ్ళకల్లా అడ్వాన్సులు ఇస్తున్నారు, నేను వద్దన్నవాళ్ళకి కూడా ఇచ్చేస్తారు. ఒకావిడ వారంలో రెండు రోజులు రాదు, అడిగితే తల దించుకుంటుంది. ఆమెను తీసేస్తే మిగతావాళ్ళకి భయం ఉంటుందా? పని మీద శ్రద్ధ లేనివాళ్ళని ఎలా మోటివేట్ చేయాలి? రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.”

తమ్ముడూ, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఆ మొదటి నెల. టార్గెట్ పెట్టగానే దిగుబడి పెరిగిందని మీరే రాశారు. శ్రద్ధ లేనివాళ్ళయితే ఆ నెల కూడా పెరగదు. మీరు కిలోలు అడిగారు, వాళ్ళు కిలోలు ఇచ్చారు. పది కిలోలు అందుకోవాలంటే చెయ్యి గబగబా ఆడాలి. చెయ్యి గబగబా ఆడితే పప్పు విరుగుతుంది. విరిగితే కూలిలో కోత. నిదానంగా చేస్తే ఎర్ర సుద్ద. రెండు వైపులా దెబ్బే అయినప్పుడు ఎవరైనా కొన్నాళ్ళు చూసి చేతులెత్తేస్తారు. మీ దగ్గర మానేసిన ఆరుగురూ పని బాగా తెలిసినవాళ్ళు, అందుకే వాళ్ళకి పక్క బట్టీలో వెంటనే చోటు దొరికింది. భయం పెట్టి నడిపే చోట ముందుగా వెళ్ళిపోయేది ఎప్పుడూ వాళ్ళే. ఎక్కడా పని దొరకనివాళ్ళు మాత్రం భయపడుతూ ఉండిపోతారు. కాబట్టి ఇంకొకరిని తీసేసి భయం పెంచాలన్న ఆలోచన ఈ రోజే మానుకోండి.

ముందు ఆ పది కిలోల లెక్క చూద్దాం. మీ వ్యాపారంలో గ్రేడు అంకె ఎలా వస్తుందో మీకు తెలుసు. డబ్ల్యూ 320 అంటే పౌనుకి, అంటే అరకిలోకి కాస్త తక్కువ బరువుకి, 300 నుంచి 320 గుండ్లు. కిలోకి దగ్గర దగ్గర 700. పది కిలోలంటే 7,000 పప్పులు. ఎనిమిది గంటల పనిలో 28,800 సెకన్లుంటాయి. అంటే ఒక్కో పప్పుకి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో పప్పు తీసుకోవాలి, వేళ్ళ మధ్య నలిపి పొట్టు రాల్చాలి, అంటుకున్న చోట కత్తి మొనతో గీకాలి, గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క వేయాలి. అన్నం తినడానికి లేచిన సమయం, మంచినీళ్ళకి లేచిన సమయం ఇందులో తీయలేదు. ఇప్పుడు ఇదే పది కిలోలు పెద్ద పప్పులో చూడండి. డబ్ల్యూ 180 రకం కిలోకి 400 దాటదు, అంటే మొత్తం 4,000 లోపే. సన్నపప్పు డబ్ల్యూ 450 అయితే 9,000 దాటిపోవచ్చు. ఒకే టార్గెట్, పని మాత్రం రెండింతలకి పైనే తేడా. మీ బోర్డు మీద సోమవారం తెల్ల సుద్దతో ఉన్న పేరు గురువారం ఎర్ర సుద్దలోకి వెళ్ళడానికి ఆమె శ్రద్ధ మూడు రోజుల్లో అరిగిపోనక్కర్లేదు. ఆ రోజు ఆమె ట్రేలోకి సన్నపిక్క వచ్చి ఉంటే చాలు. మీ పిక్కలు అన్నీ ఉద్దానం తోటలవేనా? మార్చి నుంచి మూడు నాలుగు నెలలు మన పంట దొరికినా, తర్వాత ఆఫ్రికా పిక్క మీద నడిచే బట్టీలే మీ ఊళ్ళో ఎక్కువ. లాటు మారితే సైజు మారుతుంది, తేమ మారుతుంది, పొట్టు అంటుకునే తీరు మారుతుంది.

విరగడం సంగతి ఇంకా లోతైనది. పొట్టు తీసే బల్ల దగ్గరికి రాకముందే పప్పు ఎన్ని చేతులు దాటి వస్తుందో ఒకసారి వెనక్కి నడిచి చూడండి. ఆవిరి చాలకపోతే పెంకు గట్టిగా ఉండి, కోసేటప్పుడు కత్తి పప్పులోకి దిగుతుంది. ఉడికిన పిక్క పూర్తిగా ఆరకుండా కోతకి తెచ్చినా అంతే. కట్టర్ బ్లేడు పెద్ద పిక్కకి బిగించి ఉంటే చిన్న పిక్క నలుగుతుంది. బోర్మాలో, అంటే పప్పుని ఆరబెట్టే వేడి గదిలో, వేడి ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ ఉంటే, ఒక ట్రే పప్పు అప్పడంలా పెళుసెక్కుతుంది, ఇంకో ట్రేలో పొట్టు వదలదు. పెళుసు పప్పుని ఎంత నేర్పరి ముట్టుకున్నా రెండు బద్దలవుతుంది. పొట్టు వదలని పప్పుని గీకి గీకి ముక్క చేయక తప్పదు. ఇవన్నీ దాటి వచ్చిన పప్పు చివరి చేతిలో విరిగితే, కూలి కోత పడేది ఆ చివరి చేతికి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, బోర్మా తప్పు పొట్టు తీసే ఆవిడ మీద పడుతోంది. మీ ఊళ్ళో ఇంతకుముందు ఒక పెద్దావిడని ఈ విషయం అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసింది: “బోర్మాలోనే మాడిపోనాక మా సేతిలో ఏటుంటాది బాబూ?”

ఎడ్వర్డ్స్ డెమింగ్ పేరు మీరు ఎంబీఏలో వినే ఉంటారు. 1950లో జపాను వెళ్ళి అక్కడి ఇంజనీర్లకి, కంపెనీ పెద్దలకి నాణ్యత పాఠాలు చెప్పిన అమెరికా గణాంక నిపుణుడు. ఆయన తన శిక్షణ తరగతుల్లో ఒక ఆట ఆడించేవాడు. ఒక పెట్టెలో వేలకొద్దీ పూసలు, ఐదింటిలో నాలుగు తెల్లవి, ఒకటి ఎర్రది. 50 గుంటలున్న ఒక తెడ్డు ఇచ్చి, పెట్టెలో ముంచి తెల్ల పూసలే తీయమనేవాడు. ఎర్రది వస్తే లోపం కింద లెక్క. తక్కువ ఎర్రవి వచ్చినవాళ్ళని మెచ్చుకునేవాడు, ఎక్కువ వచ్చినవాళ్ళని మందలించేవాడు, మళ్ళీ ముంచమనేవాడు. మెచ్చుకున్నవాడికి ఈసారి ఎర్రవి పెరిగేవి, తిట్లు తిన్నవాడికి తగ్గేవి. సగటున పది చొప్పున ఎర్రవి వస్తూనే ఉండేవి. పెట్టెలో ఉన్నదే తెడ్డులోకి వస్తుంది. తిట్టినా, బహుమతి ఇచ్చినా, గోడ మీద నినాదాలు రాసినా పెట్టెలోని ఎర్ర పూసలు తగ్గవు. పెట్టెలో పూసలు పోసే అధికారం ఉన్నవాడే వాటిని తగ్గించగలడు. మీ బట్టీలో ఆ అధికారం మీది.

విజయనగరం జిల్లాలో ఒక జనపనార మిల్లులో పర్సనెల్ (ఉద్యోగుల వ్యవహారాల) సెక్షన్‌లో పని చేసినవాడిని కాబట్టి, ఇది నాకు పుస్తకంలో విషయం మాత్రమే కాదు. స్పిన్నింగ్‌లో దారం ఊరికే తెగుతోందని ఒక లైనులో కుర్రాళ్ళ మీద వరసగా మెమోలు పడేవి. ఆ మెమోలు నా టేబుల్ మీదికి వచ్చేవి. నార స్పిన్నింగ్‌కి వెళ్ళే ముందు దానికి నూనె, నీళ్ళు కలిపి పట్టిస్తారు, మెత్తబడటానికి. అది సరిగ్గా పట్టకపోయినా, షెడ్డులో గాలి పొడిగా ఉన్నా దారం నిలవదు. ఒక పాత జాబరు (లైను మేస్త్రి) మెమోలన్నీ తారీఖుల వారీగా పేర్చి, నూనె పట్టించే చోట ఏ రోజు ఎవరు డ్యూటీలో ఉన్నారో పక్కన రాసి, మేనేజరు ముందు పెట్టాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. మెమోలు ఆగిపోయాయి. ఆయన చదువు ఐదో తరగతి.

మీరూ ఆ పని చేయండి. కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, నూరు పేజీల నోట్‌బుక్ చాలు. రెండు మూడు వారాలపాటు ప్రతి ట్రేకి ఒక చీటీ పెట్టండి. ఏ లాటు పిక్క, ఏ రోజు ఆవిరి పట్టారు, కోసింది ఎవరు, బోర్మాలో ఏ అరలో ఉంది, ఎంతసేపు ఉంది, పొట్టు తీసింది ఎవరు, గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత. ఆ వారాల్లో కూలి కోతలు, ఎర్ర సుద్ద అన్నీ ఆపేయాలి, లేకపోతే చీటీలు నిజం చెప్పవు. తర్వాత ఒక మధ్యాహ్నం కూర్చుని చూడండి. ఒకే మనిషి చేతిలో లాటు మారినప్పుడల్లా బద్ద మారుతుంటే అది పిక్క సంగతి. బోర్మాలో ఒకే అర నుంచి వచ్చిన ట్రేలన్నీ ఎవరి చేతిలోనైనా విరుగుతుంటే అది బోర్మా సంగతి. ఒకే లాటు, ఒకే అర, పక్కపక్క బల్లలు, అయినా ఒకరి దగ్గరే బద్ద ఎక్కువ వస్తుంటే, అప్పుడు ఆ మనిషికి పని నేర్పాలి. ఈ మూడో రకం మీరు అనుకుంటున్నదాని కంటే చాలా తక్కువ ఉంటుందని నా నమ్మకం. బస్తా లెక్క కూడా పక్కనే వేయండి. 80 కిలోల బస్తాకి 48 పౌన్లు దిగితే అది సుమారు 22 కిలోల పప్పు. కొన్నప్పుడు కోసి చూసిన శాంపిల్‌లో ఎంత వచ్చింది, బట్టీలో ఎంత దిగింది అన్నది తెలియకుండా, నష్టం ఎక్కడ వస్తోందో ఎవరూ చెప్పలేరు.

కూలిలో కోత గురించి కాస్త కఠినంగానే చెబుతాను. అది తప్పు, పైగా ఇలా కోయడాన్ని చట్టం ఒప్పుకోదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నుంచీ జరిమానాకి హద్దులున్నాయి. ఏ తప్పులకి వేయవచ్చో ముందే ప్రభుత్వం నుంచి ఆమోదం పొంది నోటీసు పెట్టాలి, ఆ మనిషి చెప్పుకునేది వినాలి, మొత్తం జరిమానా ఆ జీతపు కాలానికి వచ్చే వేతనంలో 3 శాతం దాటకూడదు, రిజిస్టరులో రాయాలి, ఆ డబ్బు తిరిగి పనివాళ్ళ మేలుకే ఖర్చు పెట్టాలి. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ 3 శాతం హద్దు అలాగే ఉంది. ఇంకొకటి, కిలోల లెక్కన కూలి ఇస్తున్నా రోజు పని చేసిన మనిషికి కనీస వేతనం కంటే తగ్గకూడదు. ఇప్పటిదాకా కోసిన డబ్బు లెక్క కట్టి పెట్టుకోండి, దాని సంగతి చివర్లో చెబుతాను. బోనస్ కూడా మీ బహుమతుల పద్దులో కలపకండి. 20 మంది, అంతకు మించి పని చేసే చోట ఏడాది వేతనంలో కనీసం 8.33 శాతం బోనస్ పనివాళ్ళ హక్కు. అది దసరాకి ఇచ్చినా సంక్రాంతికి ఇచ్చినా ఇవ్వాల్సిందే. హక్కుగా రావలసినదాన్ని చేతిలో పట్టుకుని ఊరించకూడదు.

బోర్డు మీద పేర్లు చెరిపేయండి. మీ బట్టీలో పొట్టు తీసే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒకరికొకరు కొత్తవాళ్ళు కారు. అత్తాకోడళ్ళుంటారు, వియ్యపురాళ్ళుంటారు, ఒకే వీధివాళ్ళుంటారు. కోడలి ముందు అత్తగారి పేరు ఎర్ర సుద్దతో రాస్తే ఆ అవమానం సాయంత్రం ఇంటికి కూడా వెళ్తుంది. బోర్డు మీద బట్టీ మొత్తం లెక్క రాయండి: నిన్న ఎన్ని బస్తాలు, గుండు ఎంత శాతం, ఏ లాటు ఇబ్బంది పెట్టింది. ఎవరికి వాళ్ళ లెక్క వాళ్ళకే, చీటీ మీద.

ఆ చీటీ నమ్మాలంటే కాటా నమ్మాలి. ఎన్నో చోట్ల పనివాళ్ళ మనసు విరిగేది ఇక్కడే, యజమానికి మాత్రం ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. సాయంత్రం తూకం వేళ మీరు ఒక వారం కాటా పక్కన నిలబడండి. 8 కిలోల 300 గ్రాములు తూగితే పుస్తకంలో ఎంత రాస్తున్నారు? “మూడొందల గ్రాములదేముందమ్మా” అంటూ 8 అని రాస్తే, రోజూ అలాగే రాస్తే, నెలకి ఆమె ఏడెనిమిది కిలోల పని ఊరికే చేసినట్టు. దాదాపు ఒక రోజు కూలి. ఆమెకి లెక్క రాదనుకోవద్దు, ఇంటికి వెళ్ళేటప్పుడు దారిపొడవునా ఆ లెక్కే వేసుకుంటుంది. కాటా అంకె ఆమె వైపు తిప్పి పెట్టండి. గ్రాములతో సహా రాయించండి. నా అనుభవంలో ఏ బహుమతీ చేయలేని పని ఈ ఒక్కటీ చేస్తుంది.

అయితే టార్గెట్ అసలు వద్దా? కావాలి. వచ్చేసరికి లెక్కే లేదన్నారు, లెక్క పెట్టాలనుకోవడం మంచి పనే. “బాగా చేయండమ్మా” అన్న మాటకంటే స్పష్టమైన అంకె మనిషికి ఎక్కువ ఊపునిస్తుందని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే పరిశోధకులు ఎన్నో చోట్ల చూపించారు. లేథమ్ 1970లలో అమెరికాలోని ఓక్లహామాలో కలప లారీల మీద చేసిన పని మీకు బాగా పనికొస్తుంది. చట్టం అనుమతించిన బరువులో 60 శాతం దగ్గరే లారీలు నింపుకుని డ్రైవర్లు వెళ్ళిపోయేవారు. 94 శాతం లక్ష్యంగా పెట్టారు. కొన్నాళ్ళకి లోడు 90 శాతం దాటింది. అదనంగా పైసా ఇవ్వలేదు. అందులో మీరు గమనించాల్సింది ఇంకొకటుంది. అందుకోకపోయినా ఎవరినీ ఏమీ అనబోమని ముందే చెప్పారు. ఎంత నింపామన్నది డ్రైవర్లకి ఎప్పటికప్పుడు తెలిసేది. నింపడం, మానడం పూర్తిగా వాళ్ళ చేతిలో ఉంది. మీ పది కిలోలకి ఈ మూడూ లేవు.

కొత్త టార్గెట్ మీరొక్కరే గదిలో కూర్చుని వేయకండి. చీటీల లెక్క తేలాక, పొట్టు తీసేవాళ్ళలో అందరూ గౌరవించే ఇద్దరు ముగ్గురిని, కోతవాళ్ళలో ఒకరిని, బోర్మా చూసే అతన్ని, మేస్త్రిని కూర్చోబెట్టండి. పెద్ద పిక్కకి ఒకటి, సన్నపిక్కకి ఒకటి వేరుగా పెట్టుకోండి. ముందు గుండు శాతం, తర్వాతే కిలోలు అని మీ నోటితో చెప్పండి, ఎందుకంటే ధర తేడా గుండులో ఉందని మీకంటే వాళ్ళకి బాగా తెలుసు. రెండూ ఢీకొన్న రోజు ఏది వదులుకోవాలో ముందే తేల్చండి. మంచి గుండు, ఒప్పుకోదగ్గ బద్ద, పనికిరాని ముక్క మూడూ గాజు సీసాల్లో పోసి బల్ల దగ్గర పెట్టండి. ఎంతవరకు మచ్చ ఉంటే తీసేయాలో చూసి తెలుసుకుంటారు, వాదన ఉండదు. పని బాగా నేర్చినావిడకి కొత్తవాళ్ళకి నేర్పే బాధ్యత ఇవ్వండి, ఆ నేర్పే గంటలకి విడిగా కూలి కట్టండి. వెయ్యి రూపాయల బహుమతి చేయి వేగం ఉన్న ఇద్దరు ముగ్గురి మధ్యే తిరుగుతూ ఉంటుంది, మిగతా నలభైమందికి అది సంబంధం లేని విషయం. ఆ డబ్బు బట్టీ మొత్తం గుండు శాతం పెరిగినప్పుడు అందరికీ పంచండి.

వేలిముద్ర మెషిన్ విషయంలో మీ కోపం తప్పు చోట ఉంది. పిక్క పెంకులో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. అవి చర్మాన్ని కాలుస్తాయి. కోత పని చేసేవాళ్ళ వేళ్ళు చూశారా? కొనలు నల్లబడి, తోలు లేచిపోయి, గీతలు అరిగిపోయి ఉంటాయి. రేషన్ దగ్గర వేలిముద్ర పడక తిరిగి వచ్చిన మనిషి, పొద్దున్నే మీ గేటు దగ్గర కూడా మెషిన్ ముందు నాలుగుసార్లు వేలు తుడుచుకుని నిలబడుతోంది. ఆలస్యమని రాసేస్తున్నారు. ఆ మెషిన్ తీసేయండి, కార్డు పెట్టండి, లేదా పాత హాజరు పుస్తకమే మేలు. దానికి పెట్టే ఖర్చు చేతి తొడుగులకి, ఆముదానికి, సబ్బుకి, పొగ బయటికి లాగే ఫ్యానుకి పెట్టండి. ఆడవాళ్ళకి తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఉందా, నీళ్ళు వస్తున్నాయా? 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి ఒక విషయం చెప్పింది. జీతం, వసతులు, పై అధికారి తీరు లాంటివి సరిగా లేకపోతే మనిషి కుంగిపోతాడు, అవి ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు, ఉత్సాహం పనిలో సాధించామన్న తృప్తి నుంచి, గుర్తింపు నుంచి వస్తుంది అని. అది ఆఫీసు ఉద్యోగుల మాట, బట్టీకి యథాతథంగా సరిపోతుందనను. కానీ వేళ్ళు కాలుతున్న మనిషికి మోటివేషన్ ప్రసంగం ఇవ్వకూడదన్నంతవరకు సరిపోతుంది.

ఇక వారంలో రెండు రోజులు రాని ఆవిడ. తల దించుకుంటుందని రాశారు. మీరు ఉంటున్నది ఉద్దానం అంచున. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఊరు వెళ్ళినా కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. ఆ జబ్బు కోసమే 2023 డిసెంబరులో మీ పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ వారానికి రెండుసార్లో మూడుసార్లో చేయించాలి, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం మీద ఉండాలి, రానూ పోనూ ఇంకొన్ని గంటలు, పక్కన ఒక మనిషి. ఆవిడ ఇంట్లో అదే ఉందని నేను అనను, నాకు తెలియదు. కానీ ఎందుకు రావడం లేదో తెలుసుకోకుండా మీరు తీసేయాలనుకున్నారే, అది నన్ను బాధపెట్టింది. అందరి ముందూ మీరు అడిగితే ఆవిడ చెప్పదు. ఆవిడకి దగ్గరగా ఉండే పెద్దావిడ ద్వారా అడిగించండి. కారణం అలాంటిదే అయితే ఆ రెండు రోజులూ ముందే సెలవుగా రాసేయండి, మిగతా రోజులకి పక్కా పని ఇవ్వండి. ముందే తెలిసిన సెలవుని మేస్త్రి సర్దుకోగలడు. నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలకి వెళ్ళేవాళ్ళ సంగతీ అంతే. ఏటా వచ్చేదాన్ని ఏటా నాగా అని తిట్టుకునే బదులు, ఆ వారాలకి పిక్క తక్కువ ఉడకబెట్టుకోవాలి.

మీ మామయ్య గారి అడ్వాన్సుల గురించి మీరు విసుగ్గా రాశారు, నాకు మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ పనివాళ్ళలో ఎంతమంది జీడి, కొబ్బరి చెట్లు నేలకొరిగాయో ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళూ చాలామంది ఆ బట్టీని వదలకుండా ఉండటానికి ఆ చేయూత ఒక కారణం కావచ్చు. కానీ మీరు కాదన్నది ఆయన ఔనంటే మీ ఇద్దరి మాటా చెల్లదు, అది నిజం. ఇంట్లో, భోజనాలయ్యాక, ఆయనతో నెమ్మదిగా మాట్లాడండి. “అడ్వాన్సులు మీరే చూడండి మామయ్యా, ఎవరికెంత ఇచ్చారో నాకు పుస్తకంలో రాయండి. పని, రేట్లు, సెలవులు నాకు వదిలేయండి. ఎవరైనా వాటికోసం మీ దగ్గరికొస్తే నా దగ్గరికి పంపండి” అని అడగండి. ఆయన పెద్దరికాన్ని తగ్గించకుండా పనులు పంచుకోవడం మీ చేతిలో ఉంది. అడ్వాన్సు అప్పు చూపించి మనిషిని కట్టిపడేసే పని మాత్రం మీ ఇద్దరిలో ఎవరూ చేయకండి.

మేస్త్రి ఎందుకు నోరు విప్పడో ఆలోచించారా? చివరిసారి ఆయన “బోర్మా సరిగ్గా లేదు బాబూ” అన్నప్పుడు మీరు ఏమన్నారు? సాకులు చెప్పొద్దని ఉంటే, ఆయన మళ్ళీ చెప్పడు. ఇప్పుడు మీరే వెళ్ళాలి. రోజూ పొద్దున పని మొదలయ్యాక ఒక అరగంట బట్టీలో తిరగండి, ఫోను ఆఫీసులో వదిలేసి. “నిన్న ఎక్కడ ఇబ్బంది అయింది?” అని అడగండి. “ఎందుకు తక్కువ చేశావు?” అని అడగకండి. మొదటి వారం ఎవరూ ఏమీ చెప్పరు. లైటు సరిగ్గా పడటం లేదనో, స్టూలు కాలు విరిగిందనో ఏదో చిన్నది చెబుతారు, పెద్దది చెప్పే ముందు మిమ్మల్ని చూస్తున్నారన్నమాట. ఆ చిన్నది సాయంత్రంలోగా బాగు చేయించండి. తర్వాత బోర్మా సంగతి కూడా బయటికొస్తుంది. చెయ్యలేనిదైతే చెయ్యలేనని, ఎందుకు చెయ్యలేరో మీరే చెప్పండి.

ఇంత చేసినా పని ఎగ్గొట్టేవాళ్ళు ఒకరిద్దరు ఉండవచ్చు. అప్పుడు మొహమాటపడనక్కర్లేదు. పక్కకి పిలిచి, చీటీలు ముందు పెట్టి, ఒకే లాటులో మిగతావాళ్ళకీ మీకూ తేడా ఇదీ అని చూపించి, ఏం నేర్పాలో నేర్పి, ఒక గడువు పెట్టండి. గడువు దాటాక మీరు తీసుకునే నిర్ణయాన్ని మిగతావాళ్ళు కూడా న్యాయమే అంటారు, ఎందుకంటే లెక్క వాళ్ళ కళ్ళ ముందే ఉంది.

ఇక ఆ ఆరుగురి సంగతి. ఫోను చేయకండి, కబురూ పంపకండి. మేస్త్రిని వెంటబెట్టుకుని మీరే వాళ్ళ ఇళ్ళకి వెళ్ళండి. కూలిలో కోసిన డబ్బు ఒక్కొక్కరిది కవరులో పెట్టి, లెక్క కాగితంతో సహా చేతికివ్వండి. బట్టీలో ఉన్నవాళ్ళకి అంతకు ముందు రోజే ఇచ్చేసి వెళ్ళండి, లేకపోతే రమ్మని లంచమిచ్చినట్టు ఉంటుంది. పనిలోకి రమ్మని ఆ రోజు అడగవద్దు. ఏం మార్చారో మాత్రం చెప్పండి: పేర్ల బోర్డు లేదు, కోత లేదు, కాటా తిప్పి పెట్టాం, బోర్మా బాగు చేయిస్తున్నాం. వాళ్ళు తిట్టవచ్చు, వినండి. బోర్మాలో ఏ అర మాడుస్తుందో మీకు చీటీల్లో తేలడానికి మూడు వారాలు పడుతుంది, వాళ్ళనడిగితే గుమ్మంలోనే చెప్పేస్తారు. అడిగి రాసుకోండి.